పాఠశాలలలో వైద్యపరిభాష: పల్నాటి ఆటగాయములు ఆధారముగా ఒక పరిశీలన

ఆటలో తగిలిన దెబ్బ కథాగతినే మార్చిన సందర్భములు తెలుగు సాహిత్యమున అరుదు. పల్నాటి వీరచరిత్రమున అట్టి సందర్భమొకటి కలదు. బాలచంద్రుడు తోడివారితో బొంగరములాడుచుండగా అతని బొంగరము ఒక వైశ్యకాంత పాదమునకు తగిలి గాయపరచును. ఆమె బాధతో పలికిన నిష్ఠురోక్తుల వలననే, తనవారు కార్యమపూడి రణభూమికి తరలిన సంగతి ఆ బాలునికి తెలియవచ్చును. అతడు ఆట విడిచి యుద్ధమునకు బయలుదేరును. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన ఈ ద్విపదకావ్యమును అక్కిరాజు ఉమాకాంత విద్యాశేఖరులు 1911లో పరిష్కరించి ప్రకటించిన నాటినుండి ఈ ఘట్టమును విమర్శకులు వీరరస దృష్టితో పరిశీలించుచునే యున్నారు. ఉపాధ్యాయుని దృష్టితో చూచినచో మరియొక ప్రశ్న పుట్టును. ఆటస్థలమున దెబ్బ తగిలినపుడు, ఆ దెబ్బను ఏ మాటతో చెప్పవలెను? ఆ మాటను పిల్లవానికి ఎవరు నేర్పవలెను?

ఈ ప్రశ్న పైకి స్వల్పముగా తోచును. కాని దెబ్బకు పెట్టిన పేరే దానికి చేయు చికిత్సను నిర్ణయించుచున్నది. బెణికినదన్నచో ఇంట పట్టు వేయుదురు. విరిగినదన్నచో వైద్యుని వెదకుదురు. కావున పాఠశాలలో వైద్యపరిభాషను బోధించుట కేవలము పదకోశమునకు సంబంధించిన పని కాదు. ఈ బోధన మన ప్రాంతమున ఏ త్రోవల నడచినదో, ఎచ్చట తెగిపోయినదో నిరూపించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశ్యము.

మొదట జనవ్యవహారమును చూతము. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల పల్లెలలో చెడుగుడు, కర్రసాము, బిళ్ళంగోడు ఆడి పెరిగిన పిల్లవానికి బడిలో చేరకమునుపే గాయముల పదజాలము కొంత వచ్చియుండును. మడమ బెణికినది, గూడ జారినది, కీలు తప్పినది, ఎముక చిట్లినది, చర్మము కమిలినది, పిక్క పట్టినది, నొసట బొప్పి కట్టినది, మోకాలు దోక్కుపోయినది అని అతడు వేర్వేరుగా చెప్పగలడు. ఈ క్రియలలో నొక్కటియు రెండవదానికి పర్యాయపదము కాదు. బెణుకుట కీలును పట్టియుంచు బంధములకు కలిగిన బాధ. జారుట, తప్పుట అనునవి ఎముక తన స్థానమునుండి తొలగుట. చిట్లుట విరుగుటకు తక్కువ స్థాయి. వైద్యశాస్త్రము చేయు విభాగమునే జనభాష క్రియాపదములతో చేసినది.

ఐనను ఈ పదజాలమునకు ఒక లోపము కలదు. చర్మము క్రింద త్రాడువలె కనిపించు ప్రతిదానికిని అది ‘నరము’ అను ఒక్క పేరే పెట్టినది. రక్తము ప్రవహించు సిర నరమే. కండను ఎముకతో కలుపు బంధము నరమే. స్పర్శను కొనిపోవు తంతువు నరమే. కొడవలి తగిలి ముంజేయి తెగిన బాలుని గూర్చి ‘నరము తెగినది’ అన్నచో మూడింటిలో ఏది తెగినదో వినువానికి తెలియదు. రక్తము ధారగా కారుచున్నదా, వేలు వంగుచున్నదా, వేలికొన యందు స్పర్శ తెలియుచున్నదా అని మూడు ప్రశ్నలు వేసిననే తేలును. దేశ్యపదములు చాలనిచోట శాస్త్రపదము కావలసివచ్చుట ఇందువలననే.

ఆ శాస్త్రపదములకు మన పూర్వులు ఆశ్రయించినది సంస్కృత వైద్యగ్రంథములను. సుశ్రుత సంహితలోని నిదానస్థానము 15వ అధ్యాయము భగ్నములకు సంబంధించినది. అందు కీలు తప్పుటను సంధిముక్తమనియు, ఎముక విరుగుటను కాండభగ్నమనియు విభజించి, మొదటిదానిని 6 విధములుగను, రెండవదానిని 12 విధములుగను చెప్పిరి. కాండభగ్న భేదములలో కర్కటకము, అశ్వకర్ణము అనునవి గమనింపదగినవి. విరిగినచోట ఎముక పీత ఆకారమున ఉబ్బియుండుట మొదటిది. గుఱ్ఱపు చెవివలె పైకి లేచియుండుట రెండవది. శారీరస్థానమున కీళ్ళను 8 జాతులుగా విభజించి, చంక, తొడమొదలు మున్నగు తావులలోని కీలుకు ‘ఉలూఖలము’ అని పేరిడిరి. ఉలూఖలమనగా రోలు. శాస్త్రకారుడు పేరు వెదకుకొనుచు పోయినది వంటింటికే యని దీనివలన స్పష్టమగుచున్నది.

ఐతే ఈ పదములు తెలుగు పాఠ్యపుస్తకములలోనికి వచ్చునప్పటికి కొన్ని తమ అర్థములను మార్చుకొన్నవి. సుశ్రుతుని లెక్కలో పేశులు 500, కండరలు 16. అనగా ‘కండర’ మాంసమునకు పేరు కాదు. పెద్ద స్నాయువునకు పేరు. నేటి తెలుగున కండరమనగా మాంసపేశియే. కండ అను దేశ్యపదముతోడి పోలిక ఈ మార్పునకు తోడ్పడినదని ఊహింపవచ్చును. ‘నాడి’ విషయము మరింత చిక్కైనది. పల్లెలో నాడి చూచుట యనగా మణికట్టున రక్తము కొట్టుకొనుటను గమనించుట. జీవశాస్త్ర పుస్తకమున నాడి యనగా స్పర్శాదులను కొనిపోవు తంతువు. ఒకే మాట ఇంట ఒక అర్థమున, బడిలో మరియొక అర్థమున వినవలసివచ్చిన విద్యార్థి రెంటిని కలిపి తికమకపడుట సహజము. ఆ తికమకను అతని బుద్ధిమాంద్యమునకు అంటగట్టుట న్యాయము కాదు. అది పదచరిత్ర మిగిల్చిన చిక్కు. దానిని విప్పవలసినవాడు ఉపాధ్యాయుడు.

ఇక బోధన చరిత్రకు వత్తము. ఆధునిక శాస్త్రములను తెలుగున చెప్పవలెనను సంకల్పము 1906లో కొమఱ్ఱాజు లక్ష్మణరావు మున్నగువారు స్థాపించిన విజ్ఞానచంద్రికా మండలితో స్థిరరూపము పొందినది. శరీరమును గూర్చిన విజ్ఞానము ఆ విధముగా పుస్తకముల త్రోవను వచ్చుచుండగా, శరీరమును సాధన చేయించు విద్య వేరొక త్రోవను వచ్చినది. కోడి రామమూర్తి నాయుడు మదరాసు సైదాపేటలో వ్యాయామశిక్షణ పొంది, విజయనగరమున పాఠశాలలో వ్యాయామోపాధ్యాయుడుగా పనిచేసి, పిమ్మట మల్లుడుగా దేశవిదేశములలో కీర్తి గడించి, 1942లో గతించెను. 1920లో హ్యారీ క్రో బక్ మదరాసున వై.ఎం.సి.ఏ. వ్యాయామ కళాశాలను స్థాపించిన పిదప పాఠశాలలకు శిక్షితులైన వ్యాయామోపాధ్యాయులు లభించుటకు మార్గమేర్పడినది.

ఈ రెండు త్రోవలు పాఠశాలలో పక్కపక్కనే నడచినవి గాని కలియలేదు. వ్యాయామోపాధ్యాయుడు కదలు శరీరమును చూపెను. దానికి పేర్లు చెప్పుట అతని పని కాలేదు. శాస్త్రోపాధ్యాయుడు పటములోని శరీరమునకు పేర్లు చెప్పెను. ఆటస్థలమునకు వచ్చుట అతని పని కాలేదు. ఆటలో తగిలిన గాయము ఈ ఇద్దరి నడుమ పడి అనాథయైనది. దానిని ఊరి కట్టువాడు చేరదీసెను. పుత్తూరు కట్టు తెలుగునాట ఇంతటి ప్రఖ్యాతి వహించుటకు చేతినేర్పు ఒక కారణమైనచో, ఆస్పత్రి భాషకంటె కట్టువాని భాష జనులకు చేరువై యుండుట మరియొక కారణమని నా అభిప్రాయము.

కట్టు కట్టుటలోని ప్రమాదమును పూర్వులు ఎరుగనివారు కారు. వదులుగా కట్టినచో కీలు స్థిరపడదనియు, బిగించి కట్టినచో వాపు, నొప్పి, చర్మము పాకమునకు వచ్చుట కలుగుననియు సుశ్రుతుడు హెచ్చరించెను. చలికాలమున 7 దినములకు, సమకాలమున 5 దినములకు, వేసవిలో 3 దినములకు కట్టు మార్చవలెనని విధించెను. నేటి వైద్యులును ఇదే చెప్పుదురు. కట్టు క్రింద వ్రేళ్ళు పాలిపోయి, చల్లబడి, తిమ్మిరెక్కి, నొప్పి హెచ్చుచున్నచో తత్క్షణమే కట్టు సడలించి ఆస్పత్రికి కొనిపోవలెను. ఆలస్యమైనచో అవయవమే నష్టపడవచ్చును. పల్నాటి వేసవిలో బిగికట్టుతో దినములు గడపు బాలునికి ఈ నాలుగు లక్షణముల పేర్లు తెలియుట పరీక్షలో వచ్చు మార్కులకంటె విలువైనది.

1960వ దశకమున పరిభాషా చరిత్రలో పెద్ద మలుపు వచ్చినది. నరసరావుపేట ప్రాంతమున జన్మించిన కాసు బ్రహ్మానందరెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్న కాలముననే 1966లో అధికారభాషా చట్టము వచ్చినది. 1968లో తెలుగు అకాడమి వెలసినది. 1969 నుండి ఇంటర్మీడియట్ తెలుగు మాధ్యమమున సాగుటకు పాఠ్యగ్రంథములు అవసరమైనవి. శాస్త్రపదములను వేల సంఖ్యలో నిర్ణయింపవలసివచ్చెను. ఈ నిర్మాణములో రెండు పద్ధతులు కనిపించును. మొదటిది సంస్కృతమును యథాతథముగా గ్రహించుట. ముంజేతి ఎముకలకు రత్ని, అరత్ని యనియు, మోకాలి దిగువ ఎముకలకు అంతర్జంఘిక, బహిర్జంఘిక యనియు వచ్చిన పేర్లు ఇట్టివి. రెండవది వాడుకలోని వస్తువునుండి పేరు తీయుట. పాఠ్యపుస్తకములలో ప్రచారమునకు వచ్చిన బంతిగిన్నె కీలు, మడతబందు కీలు, జారెడు కీలు, బొంగరపు కీలు అనునవి దీనికి చక్కని ఉదాహరణములు.

ఈ రెండవ పద్ధతి గ్రామ్యమని తలచుట తగదు. సుశ్రుతుని రోలు, మన గిన్నె ఒకే భావనకు రెండు రూపములు. లాటిన్ భాషను చూచినను ఇదే గోచరించును. మోకాటిచిప్పకు పాశ్చాత్యులు వాడు పటెల్లా అను పదమునకు చిన్న పళ్ళెమని అర్థము. ‘చిప్ప’ యనుటలో తెలుగువాడు చేసినదియు అదియే. టిబియా యనగా పిల్లనగ్రోవి. ఫిబులా యనగా వస్త్రమునకు గ్రుచ్చు సూది. క్లావికిల్ యనగా చిన్న తాళపుచెవి. మజిల్ యనగా చిట్టెలుక. మన విద్యార్థి భయపడి కంఠస్థము చేయు పదములన్నియు ఒకనాడు రోమకుల ఇంటి సామగ్రియే. ఈ రహస్యమును మొదటి దినముననే చెప్పినచో వైద్యపరిభాష భారముగాక కుతూహలమగును.

క్రీడావైద్యము ప్రత్యేకశాస్త్రముగా రూపొందుట 20వ శతాబ్దిలోని విషయము. 1928లో సెయింట్ మారిట్జ్ శీతాకాలపు ఒలింపిక్ క్రీడల సందర్భమున దానికి అంతర్జాతీయ సంఘమేర్పడినది. నేడు అమెరికాలోని కొన్ని హైస్కూళ్ళలో క్రీడావైద్యమును, వైద్యపరిభాషను ఐచ్ఛిక పాఠ్యాంశములుగా బోధించుచున్నారు. అచ్చటి వైద్యుడు గేబ్ మిర్కిన్ 1978లో బెణుకులకు విశ్రాంతి, మంచు, కట్టు, ఎత్తుగా ఉంచుట అను నాలుగింటిని ఒక సూత్రముగా కూర్చెను. మంచు వాడుక కోలుకొనుటను ఆలస్యము చేయవచ్చునని ఆయనయే 2014లో తన మాటను సవరించుకొనెను. శాస్త్రజ్ఞుడు తన సూత్రమును తానే దిద్దుకొనుట విద్యార్థులకు చెప్పదగిన గొప్ప పాఠము. ఈ సూత్రమును తెలుగున చెప్పుటకు క్రొత్తమాట యొక్కటియు సృష్టింపనక్కరలేదని కూడ గమనింపవలెను.

ఆంధ్రప్రదేశమున 2020-21 నుండి ఒక పుటయందు ఆంగ్లము, ఎదుటి పుటయందు తెలుగు ఉండు ద్విభాషా పాఠ్యపుస్తకములు వచ్చినవి. 2022లో నరసరావుపేట కేంద్రముగా పల్నాడు జిల్లా ఏర్పడినది. ఈ జిల్లా పాఠశాలలలో పరిశోధక విద్యార్థులు చేయదగిన పని యొకటి కలదు. రెండు పుటలలోని పదములకు మూడవ వరుసగా ఇంటిపదమును చేర్చి పట్టిక కూర్చుట. స్ప్రెయిన్‌కు ఎదురుగా బెణుకు, డిస్లొకేషన్‌కు ఎదురుగా కీలు తప్పుట, ఫ్రాక్చర్‌కు ఎదురుగా విరుగుట అని వ్రాసికొనవలెను. నరము, నాడి వంటి పదములకెదురుగా ‘జాగ్రత్త’ అని గుర్తు పెట్టవలెను. ఈ పట్టికను శాస్త్రోపాధ్యాయుడు, వ్యాయామోపాధ్యాయుడు, తెలుగు ఉపాధ్యాయుడు ముగ్గురును కలిసి ఆటస్థలముననే బోధింపవలెను. ఇంటి మాటను తప్పని కొట్టివేయక, దాని హద్దును చూపి, ఆ హద్దు దాటినచోట శాస్త్రపదమును అందించుట ఈ బోధనకు ప్రాణము.

తల కుడియెడమలకు త్రిప్పునపుడు పనిచేయు కీలునకు పాఠ్యపుస్తకము బొంగరపు కీలని పేరిడినది. పల్నాటి బాలునికి బొంగరమనగానే బాలచంద్రుడు జ్ఞప్తికి వచ్చును. అతని బొంగరము ఒక పాదమును గాయపరచినది. పుస్తకములోని బొంగరము మెడలోని కీలును తెలియజెప్పుచున్నది. ఈ రెంటిని ఒకే పాఠమున కలిపి చెప్పగల ఉపాధ్యాయుడు సాహిత్యమును, శరీరశాస్త్రమును ఏకకాలమున బోధించినవాడగును. అట్టి బోధనకు వలయు సామగ్రిని సేకరించుట తెలుగు శాఖల బాధ్యతయేగాని అన్యుల బాధ్యత కాదని విజ్ఞులకు మనవి చేయుచున్నాను.