బుర్రకథలో 'రాజకీయం'

మన వయసువారికి బుర్రకథను పరిచయం చేయనక్కరలేదు. పెట్రోమాక్స్ లైట్ల వెలుగులో, తంబుర భుజాన వేసుకున్న కథకుడు. అటూ ఇటూ గుమ్మెటలతో వంతపాటగాళ్ళు. ఒకరిది హాస్యం. రెండవవారు చెప్పేదాన్ని 'రాజకీయం' అనేవారు. చెప్పే కథ పల్నాటి యుద్ధమే కావచ్చు, ఆయన మాత్రం మధ్యలో అడ్డుపడి నేటి ధరల సంగతి, దొరల సంగతి ఎత్తుకునేవాడు. ఈ కళకు ప్రాణం అక్కడే ఉందని నా అభిప్రాయం.

1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి ఆ సంగతి గ్రహించింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో 1920లో, పేద దూదేకుల కుటుంబంలో పుట్టిన షేక్ నాజర్ గారు దానికి పేరు తెచ్చిన కథకులు. అల్లూరి సీతారామరాజు కథతోపాటు బెంగాల్ కరువునూ ఆయన బుర్రకథగా చెప్పారు. అక్షరం రాని కూలివానికి ఎక్కడి కరువో తన ఊరి కష్టంలా తోచేది.

1947లో సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు గార్లు తెలంగాణ రైతుల పోరాటంపై 'మా భూమి' నాటకం రాశారు. మద్రాసు ప్రభుత్వం దాన్ని నిషేధించింది. బుర్రకథకూ నిషేధం తప్పలేదు. తంబురను చూసి సర్కారు జడిసిందంటే మన మనవలు నవ్వుతారేమో! కళాకారులకు మాత్రం అది కూటి సమస్య. దళాలు చెదిరాయి. కొందరు సినిమా దారి పట్టారు. మండలి నాయకుడు డాక్టర్ గరికపాటి రాజారావు గారు 1953లో 'పుట్టిల్లు' తీసి, జమునను వెండితెరకు పరిచయం చేశారు.

నాజర్ గారికి 1986లో పద్మశ్రీ వచ్చింది. 1997లో కన్నుమూశారు. ఆయన ఆత్మకథ పేరు 'పింజారి'. జనం తిట్టుగా వాడే మాట అది.