బడికి ముందు బడి

సావిత్రిబాయి ఫూలే అనగానే దారిలో ఆమె మీద పడ్డ బురద, పేడ గుర్తొస్తాయి. ఆమె పొందిన శిక్షణ గురించి మాత్రం మనం పెద్దగా మాట్లాడుకోం. జోతిరావు దగ్గర ఇంట్లో మొదలైన ఆమె చదువు అహ్మద్‌నగర్‌లో సింథియా ఫరార్ దగ్గర, పూణే నార్మల్ స్కూల్లో ఉపాధ్యాయ శిక్షణగా సాగింది. 1848లో పూణేలో ఆడపిల్లల బడి మొదలైంది. తర్వాత అంటరానివాళ్లుగా వెలివేసిన మహర్, మాంగ్ పిల్లలకూ బడులు తెరిచారు.

ఆ బడిలో చదివిన మాంగ్ బాలిక ముక్తా సాల్వే, తన వాళ్ల దుఃఖం గురించి రాసిన వ్యాసం 1855లో 'జ్ఞానోదయ' పత్రికలో అచ్చయింది. 1856 అక్టోబరులో జబ్బుపడి పుట్టింట్లో ఉన్న సావిత్రిబాయి, తను లేనందువల్ల ఫాతిమా మీద పడ్డ భారాన్ని తలుచుకుంటూ భర్తకు ఉత్తరం రాసింది. ఆమె లేనప్పుడు బడిని మోయడానికి మరో స్త్రీ ఉందన్నమాట.

వెలివాడల బడులకు గట్టి నాయకత్వం కావాలని ఇవాళా అంటున్నాం. ఆ నాయకత్వం శిక్షణతో, పక్కన నిలిచే మనుషులతో తయారవుతుంది. పంతులమ్మ ధైర్యాన్ని మాత్రమే పొగిడితే, అవి సమకూర్చాల్సిన బాధ్యత నుంచి ప్రభుత్వాలను మనమే తప్పించినట్టు.