జాయిస్ కన్నులు

నవీన్ ‘అంపశయ్య’ (1969) చదివినవారికి ‘చైతన్య స్రవంతి’ కొత్త మాట కాదు. ఆ పద్ధతి ప్రసక్తి వచ్చిన ప్రతిచోటా జేమ్స్ జాయిస్ పేరు వస్తుంది. వెంటనే నాకు కంటికి నల్లని కట్టుతో ఉన్న ఆయన ఛాయాచిత్రం గుర్తుకు వస్తుంది. ‘రాసి రాసి కళ్ళు పోగొట్టుకున్నాడు’ అనుకోవడానికి అనువైన చిత్రమది. అయితే ఆ ఊహను నేను అంగీకరించలేను.

1882లో డబ్లిన్‌లో జన్మించిన జాయిస్‌కు 1907 ప్రాంతాన, ట్రియెస్ట్ నగరంలో ఉండగా, ఐరైటిస్ మొదలైంది. కంటిపాప చుట్టూ ఉండే రంగు తెర, అనగా ఐరిస్, వాచడమే ఈ వ్యాధి. తగ్గినట్టే తగ్గి తిరిగి వస్తుంటుంది. వాచిన ఐరిస్ తన వెనకనున్న కటకానికి అతుక్కుపోవచ్చు. అప్పుడు కంటిలో నిరంతరం ఊరే ద్రవం పాప గుండా ముందుకు రాలేక, వెనకనే నిలిచి ఐరిస్‌ను ముందుకు నెడుతుంది. ద్రవం వెలుపలికి పోయే మూల కూడా మూసుకుపోతుంది. ఒత్తిడి పెరిగి దృష్టినాడి దెబ్బతింటుంది. మనం నీటికాసులు అని పిలిచే గ్లాకోమా ఇలా మరొక వ్యాధి వెంట వచ్చే మార్గాలలో ఇదొకటి.

మొదటి ప్రపంచయుద్ధ కాలంలో జాయిస్ జ్యూరిక్‌లో తలదాచుకొని ‘యులిసీస్’ రాస్తున్నాడు. 1917లో గ్లాకోమా ఆయనను పట్టుకున్నది. ఆ ఆగస్టులో శస్త్రచికిత్స చేసి, ఐరిస్‌లో ఒక చిన్న ముక్కను కత్తిరించి తీసివేశారు. నిలిచిపోయిన ద్రవానికి అది కొత్త దారి. గ్లాకోమాకు ఈ చికిత్సను 1857లో ప్రకటించినవాడు బెర్లిన్ నేత్రవైద్యుడు ఆల్బ్రెక్ట్ ఫాన్ గ్రేఫే. అంతకుముందు అటువంటి కంటికి చాలావరకు చీకటే గతి.

చికిత్స తరువాత కూడా చూపు పూర్తిగా కోలుకోలేదు, వ్యాధీ విడిచిపెట్టలేదు. మరెన్నో శస్త్రచికిత్సలు జరిగాయి. 1930లో జ్యూరిక్‌లోనే ఆల్ఫ్రెడ్ ఫోగ్ట్ ఎడమ కంటికి శస్త్రచికిత్స చేశాడు. అయినప్పటికీ ‘యులిసీస్’ 1922 ఫిబ్రవరి 2న, జాయిస్ నలభయ్యవ పుట్టినరోజున, పారిస్‌లో వెలువడింది. ‘ఫినెగన్స్ వేక్’ 1939లో వచ్చింది. 1941లో ఆయన మరణించాడు.

కనుక ఆ కళ్ళను చెరిపినది రాత కాదు, వాపూ దాని వెంట వచ్చిన ఒత్తిడీ. ఈ భేదాన్ని నేను పట్టి చెప్పడానికి కారణం ఉంది. కన్ను ఎర్రబడి, నొప్పి పుట్టి, చూపు మసకబారినప్పుడు ‘ఎక్కువ చదివావు, కాస్త పడుకో’ అని సరిపెట్టుకుంటే, ఒక వ్యాధి వెనుక రెండవది వచ్చేందుకు మనమే వ్యవధి ఇచ్చినట్టవుతుంది. పుస్తకం ఎక్కడికీ పోదు. ముందు వైద్యుని వద్దకు వెళ్ళాలి.