హోల్మెన్‌కోలెన్ స్కీ జంపింగ్ వేదిక (మహిళల పోటీలు)

నార్వే రాజధాని ఓస్లోలోని ఈ వేదికపై 1892 నుంచి పోటీలు జరుగుతున్నాయి. మహిళల ప్రవేశం ఆలస్యమవడానికి కొండ కారణం కాదు, అనుమతే కారణం. నార్వేలోనే ట్రిసిల్‌లో ఇంగ్రిడ్ వెస్ట్‌బీ 1862లోనే జనం ముందు దూకింది. అయినా అంతర్జాతీయ స్కీ సమాఖ్య అధ్యక్షుడు జాన్‌ఫ్రాంకో కాస్పర్ 2005లో కూడా వైద్యపరంగా ఇది స్త్రీలకు తగదన్నాడు. ఆధారం మాత్రం చూపలేదు.

పాత కట్టడాన్ని కూల్చి కట్టిన కొత్త రాంప్‌పై 2010 మార్చిలో తొలిగా దూకే గౌరవం నార్వే క్రీడాకారిణి అనెట్ సాగెన్‌కు దక్కింది. ముందురోజు సాయంత్రమే పురుష స్కీ జంపర్ బ్యోర్న్ ఐనార్ రోమోరెన్ గుట్టుగా దూకేశాడు. తర్వాత క్షమాపణ చెప్పాడు. ఇది చిలిపితనమేనని సరిపెట్టవచ్చు గానీ, సంబరం ఎవరిదో మరిచిపోవడమే అసలు సమస్య. 2011 ప్రపంచ చాంపియన్‌షిప్‌లో మహిళలు పక్కనున్న చిన్న మిడ్‌స్టూబాకెన్‌పైనే దూకారు; డానియెలా ఇరాష్కో గెలిచింది. పెద్ద కొండపై వారి ప్రపంచకప్ పోటీ 2013లో జరిగింది.

మహిళలు పైగేటు నుంచి బయల్దేరతారు కాబట్టి పోటీ సమానం కాదనే అభ్యంతరం ఉంది. కానీ గేటంటే క్రీడాకారులు కూర్చుని జారే అడ్డపట్టీ మాత్రమే. గాలిని బట్టి పోటీ జ్యూరీ సభ్యులు పురుషులకూ దాన్ని పైకీ కిందికీ మారుస్తారు. క్రీడాకారిణులు తక్కువన్న వాదన మరింత బలహీనం: పోటీలే పెట్టకపోతే సంఖ్య ఎక్కడ పెరుగుతుంది? 2019లో నార్వే పోటీల సిరీస్ రా ఎయిర్ మహిళలకూ మొదలైంది. తొలి విజేత నార్వేకే చెందిన మారెన్ లుండ్‌బీ.