జువ్వకు కర్ర ఎందుకు?

ఉగాది సంచికకు ఏదైనా చరిత్ర విషయం వ్రాసి ఇమ్మని మన కార్యదర్శిగారు కోరినప్పుడు, కళ్యాణి చాళుక్యులను గురించి వ్రాస్తానని ఒప్పుకొన్నాను. ఆ విషయం పెద్దలు ఇదివరకే పలుమార్లు వ్రాసియున్నారు. అందుచేత మూడేండ్ల క్రిందట బసవకళ్యాణ్‌లో నేను చేసిన ఒక తెలివితక్కువ పనితో మొదలుపెట్టి, దాని మూలంగా తెలుసుకొన్న చరిత్రను మనవి చేసుకొంటాను.

ఆ దీపావళికి పిల్లల కోసం డజను తారాజువ్వలు కొన్నాను. బస్సు ప్రయాణం, రెక్సిన్ సంచిలో అవి పట్టలేదు. వట్టి పుల్లలే కదా అని కర్రలను సగానికి విరిచి సర్దినాను. రాత్రి మొదటి జువ్వ వెలిగించగానే అది పైకి పోవుటకు మారుగా గిరగిర తిరిగి పొరుగింటి పశువుల కొట్టంలో దూరింది. గడ్డి అంటుకొన్నది. నలుగురూ పరుగెత్తి నీళ్లు పోశారు. దూడ ఒకటి పలుపు తెంపుకొని పోయి తెల్లవారిన తరువాత దొరికింది. వ్యాగనులో సరుకంతా ఒక కొసన వేయరాదని గూడ్సు షెడ్డులో హమాలీలకు రోజూ చెప్పేవాణ్ణి నేనే!

మరునాడు మందుగుండు చేసే ఒక ముసలి సాయిబు నా నిర్వాకం విని నవ్వి, కర్ర విరగని జువ్వ నొకదానిని చూపుడువ్రేలిపై అడ్డంగా నిలిపినాడు. గొట్టం మూతికి రెండంగుళాల వెనుక, కర్ర మీద, అది త్రాసు దండెవలె నిలిచింది. నేను విరిచినది గొట్టం మీదనే నిలిచింది. అట్లా నిలిచే చోటునే గరిమనాభి అంటారు.

ఇక్కడ ఒక చిక్కున్నది. కర్ర విరిస్తే బరువు ముందుకే కదా జరిగినది, అది మంచిదే కావలె. కాని గాలి తాకిడి కూడా ఒకచోట కేంద్రీకరిస్తుంది. ఆ చోటు గరిమనాభికి వెనుక ఉంటేనే, వంకరపోయిన జువ్వ తోకను గాలి నెట్టి మళ్లీ దారికి తెస్తుంది. వెదురు తేలిక, పొడవు ఎక్కువ. అందుచేత అది బరువును కొద్దిగా వెనుకకు లాగితే, గాలి కేంద్రాన్ని ఇంకా చాలా వెనుకకు లాగుతుంది. కర్రను విరిచి నేను పోగొట్టినది ఆ ఎడమునే. అది తూనిక రాయి కాదు, చుక్కాని.

ఈ బాణాలకు బీదరు సీమ కొత్తది కాదు. 1657లో ఔరంగజేబు బీదరు కోటను ముట్టడించినప్పుడు, ఒక బాణం బురుజు వెనుక నిలువజేసిన మందుగుండులో పడి పేలినది. ఆదిల్‌షాహీల కోట నాయకుడు సిద్ది మర్జాను ఆ మంటలలో కాలి, ఆ గాయాలతోనే మరణించాడు. పిమ్మట కళ్యాణి వంతు వచ్చింది. ఈ కోటవారు దాదాపు మూడు నెలలు నిలిచారు. గోడలెక్కవచ్చిన వారిపై బాణాలు, మండే గడ్డి విసిరినారట. ఇప్పటికీ ఆ కోటలో నిలబడితే నాకు మొదట ఆ పశువుల కొట్టమే గుర్తుకు వస్తుంది.

మైసూరు హైదరాలీ, టిప్పు సుల్తానులు గొట్టాన్ని ఇనుముతో చేయించారు. సుమారు ఎనిమిదంగుళాల గొట్టానికి నాలుగడుగుల వెదురు. మందు కాలేకొద్దీ ముందు బరువు తగ్గి గరిమనాభి వెనుకకు జరుగుతుంది. కర్ర ఒక ప్రక్కన కట్టి యుండుటచే బలం దానిగుండా సూటిగా పోదు. అందుకే గురి తప్పుతూ ఉండేవి. మన సభలలో కొందరు టిప్పు బాణాలకు తిరుగే లేదంటారు; అది అభిమానమే గాని సత్యం కాదు. అయినా ఆ దెబ్బ తిన్న ఆంగ్లేయులు ఊరుకోలేదు. 1799లో శ్రీరంగపట్నం పడిన తరువాత కొన్నింటిని ఇంగ్లండుకు తీసుకుపోయారు. కాంగ్రీవ్ వాటిని చూచి తన రాకెట్లు చేశాడు. 1815 నాటికి కర్రను ప్రక్కనుండి తీసి సరిగా నడుమకు మార్చాడు. 1844లో హేల్ కర్రనే తీసివేసి, బాణం తనంతట తాను బొంగరంవలె తిరిగేటట్లు చేశాడు. సాయిబు వ్రేలితో చూచినదానిని వారు కాగితం మీద పెట్టారు. మనవాళ్లు పెట్టలేదు. నాకు దుఃఖం కలిగించేది ఇదే.

పిల్లలు చేసే చిన్న రాకెట్లకు అమెరికాలో 1954లో కార్లయిల్ అనే చెప్పుల వ్యాపారి నాంది పలికాడు. వాటికి కర్ర బదులు తోకన రెక్కలుంటాయి. గాలి కేంద్రాన్ని లెక్కకట్టే సూత్రాలను 1966లో బారోమన్ ప్రకటించాడు. లెక్క రానివారికి దారం చాలు: గరిమనాభి దగ్గర కట్టి తలచుట్టూ త్రిప్పితే, ముక్కు ముందుగా సాగేది మంచి రాకెట్టు.

ఈ ఉగాదికి నిప్పు వద్దన్నారు ఆడవారు; న్యాయమే. అందుచేత పిల్లలచేత అట్టముక్కలతో గ్లైడర్లు చేయిస్తున్నాను. 1804లో ఇంగ్లండులో కేలీ దొర చేసిన నమూనాకు కూడా జరుపుకొనే బరువు ఒకటి ఉండేది. మేము గోధుమపిండి ముద్ద వాడుతున్నాము. ముద్ద ఎక్కువైతే నేలకు గుద్దుకొంటుంది, తక్కువైతే తల పైకెత్తి చతికిలబడుతుంది. మా చిన్నవాడు తనది వ్రేలిపై నిలిపి, చిటికెడు పిండి గిల్లి, మళ్లీ నిలిపి చూచుకొంటున్నాడు.