కాచిగూడ నుంచి రెండు దారులు: తెలంగాణలో సేద్యపు మేనేజర్ల కొలువు

కాచిగూడ రైల్వే స్టేషన్‌ను 1916లో కట్టారు. అక్కడి నుంచి ఒక లైను మేడ్చల్ మీదుగా నిజామాబాద్ వైపు, ఇంకొకటి షాద్‌నగర్, మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు వైపు సాగుతాయి. సేద్యాన్ని నడిపించే ఉద్యోగం ఎక్కడ దొరుకుతుందని అడిగే వ్యవసాయ పట్టభద్రుడికి నేను ఈ రెండు లైన్లనే చూపిస్తాను. ఆ కొలువు పెద్ద కమతాల్లో లేదు. నలుగురి చెలకలను కలిపి ఒకే పంటగా పండించే చోట ఉంది. అయితే అక్కడ దానికి మేనేజర్ అన్న పేరు లేదు.

పెద్ద కమతాలున్న రోజుల్లోనూ ఇది వృత్తిగా ఎదగలేదు. దేశ్‌ముఖుల, జాగీర్దార్ల పొలాల్లో గుమాస్తా లెక్క రాసేవాడు, పెద్ద జీతగాడు పని చేయించేవాడు. ఇద్దరికీ కావలసింది దొర నమ్మకమే. దీనికి భిన్నమైన నమూనా బోధన్‌లో కనిపిస్తుంది. నిజాంసాగర్ నీటి మీద ఆధారపడి 1937లో వెలసిన నిజాం చక్కెర ఫ్యాక్టరీకి సొంత చెరకు ఫారాలు ఉండేవి. గానుగ ఆడే రోజులకు తగ్గట్టు చెరకు నాటించాలి, నీరు పెట్టించాలి, నరికించాలి. ఒక రోజు కోత తప్పితే మిల్లు ఆగుతుంది. అక్కడ సేద్యం నడపడమంటే తేదీలు పట్టుకుని చేసే నౌకరీ.

1949లో జాగీర్లు రద్దయ్యాయి. 1973 భూపరిమితి చట్టం తరిలో 10 నుంచి 27 ఎకరాలు, మెట్టలో 35 నుంచి 54 ఎకరాలు దాటకుండా గీత గీసింది. 2015-16 వ్యవసాయ గణన నాటికి తెలంగాణలో సగటు కమతం ఒక హెక్టారు. రెండున్నర ఎకరాల రైతు జీతమిచ్చి మేనేజర్‌ను ఎందుకు పెట్టుకుంటాడు? తన సేద్యానికి తానే మేనేజర్.

అందుకే చదువుకున్నవాళ్ల చూపు సర్కారు కొలువు మీదే ఉంటుంది. అయిదు వేల ఎకరాలకు ఒక వ్యవసాయ విస్తరణాధికారిని పెట్టి, రైతులు కలుసుకునేందుకు 2,601 రైతు వేదికలు కట్టారు. కానీ పంటల నమోదు, పథకాల జాబితాలు చూసే ఆ అధికారి ఒక్క ఎకరం లాభనష్టాలకూ పూచీ పడడు. సేద్యం నడపడానికీ దీనికీ చాలా దూరం.

ఇక దక్షిణపు లైను. షాద్‌నగర్ చుట్టుపక్కల మామిడి తోటల యజమానులు చాలామంది హైదరాబాదులో ఉంటారు, సెలవు రోజున వచ్చి చూసుకుని పోతారు. బోరు మోటారు పక్క గదిలో కుటుంబంతో ఉండే మనిషే తోటకు దిక్కు. ఏ మందు ఎప్పుడు కొట్టాలో ఎరువుల దుకాణంలో అడిగి నిర్ణయించేదీ, కూలీలను పిలిచేదీ, కాపు అమ్మించేదీ అతనే. మేనేజర్ బరువంతా మోస్తున్న అతనికి ఇచ్చేది మాత్రం వాచ్‌మన్ జీతం. ఈ అన్యాయాన్ని పక్కన పెట్టి ఉపాధి అవకాశాల గురించి మాట్లాడటం నాకు చేతకాదు.

ఇంకా ముందుకు పోతే గద్వాల. అక్కడ పత్తి విత్తనం పండుతుంది. సాయంత్రం మొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు తీసేయాలి, మర్నాడు పొద్దున్నే మగ పూవుతో అద్దాలి. క్రాసింగ్ అనే ఈ పని వారాల తరబడి రోజూ సాగాలి. భూమి రైతుది, విత్తనం కంపెనీది. మధ్యలో ఆర్గనైజర్ ఉంటాడు. బయానా ఇచ్చేదీ, కూలీలను కుదిర్చేదీ, కల్తీ మొక్కలు పీకించేదీ అతనే. నాకు తెలిసి తెలంగాణలో సేద్యపు మేనేజర్‌కు అసలైన రూపం ఇతనే. ఈ పొలాల్లో చాలాకాలం చిన్నపిల్లలతో పూలు అద్దించారు. అందుకే ఈ పని చేసేవాడికి లెక్కలు, పంట తెలిస్తే చాలదు. కూలీల హాజరు పట్టీలో పిల్ల పేరు ఎక్కనివ్వని గట్టిదనం కూడా కావాలి.

ఉత్తరపు లైనులో ఆర్మూర్, అంకాపూర్ పొలాల్లో ఎర్రజొన్న విత్తనం కూడా ఇలాంటి ఒప్పందాల మీదే నడుస్తుంది. పేచీలన్నీ ధర దగ్గరే వస్తాయి.

సేద్యం నడిపించే పనికి అధికారికంగా జీతం రాసింది రైతు ఉత్పత్తిదారుల సంఘాల పథకం. 2020 ఫిబ్రవరి 29న మొదలైన దీని కింద మైదాన ప్రాంతంలో కనీసం 300 మంది రైతులు కలిస్తే సంఘం ఏర్పడుతుంది. దాన్ని నడిపే ముఖ్య కార్యనిర్వహణాధికారికి నెలకు 25,000 రూపాయల వరకు, సంఘం నిర్వహణకు మొత్తం 18 లక్షల వరకు సాయం అందుతుంది. అదీ మూడేళ్లే. మొదటి ఏడు సభ్యుల నమ్మకం సంపాదించడానికే సరిపోతుంది. రెండో ఏడు ఎరువులు, విత్తనాల వ్యాపారం కుదురుకుంటుంది. సంఘం సొంత ఆదాయం జీతానికి చాలకముందే గడువు ముగిస్తే, పని నేర్చిన మనిషి వేరే కొలువు వెతుక్కోక ఏం చేస్తాడు? సాయం కనీసం అయిదేళ్లు ఉండాలి.

చదువు మాటకొస్తే, వ్యవసాయ డిగ్రీ చివరి ఏడాదిలో విద్యార్థులు పల్లెల్లో గడిపే గ్రామీణ అనుభవ కార్యక్రమం ఉంది. అక్కడ వాళ్లు రైతును చూస్తారు, నివేదిక రాస్తారు. అలా కాకుండా గద్వాలలో క్రాసింగ్ మొదలైన రోజున విద్యార్థి ఒక ఆర్గనైజర్ వెంట పొలంలోకి దిగి, పొద్దున ఎందరు కూలీలొచ్చారో, సాయంత్రానికి ఎన్ని సాళ్లు మిగిలాయో తానే రాసుకుని, విత్తనం తూకమయ్యేదాకా ఆ లెక్కకు పూచీ పడాలి.