ఒక యాంప్లిఫయరు – రెండు పాఠాలు

జీవితమంతా తెలుగు పాఠాలు చెప్పినవాడికి గిటారు యాంప్లిఫయరుతో పనేమిటని చదువరులు అడగవచ్చును. మా మేనల్లుడికి పాత వాల్వు యాంప్లిఫయర్లు కట్టుకోవడం ఒక వ్యసనం. ఒక ఆదివారం నాడు రెండు సర్క్యూట్ పటాలు నా బల్ల మీద పరిచి, “మావయ్యా, ఈ రెంటికీ తేడా ఏమిటో చెప్పుకోండి చూద్దాం” అన్నాడు. ఒకటి అమెరికాలోని ఫెండర్ వారి బాస్‌మన్. రెండవది లండనులోని మార్షల్ వారి జేటీఎం45. విద్యుత్తును గురించి నాకు తెలిసినది వాడు చెప్పినంతే. కాని రెండు ప్రతులు పక్కపక్కన పెట్టుకొని సరిచూడడం నేను చదువుకున్న విద్యయే.

ముందుగా మాతృక సంగతి. రేడియోలు బాగుచేసే వృత్తితో మొదలైన లియో ఫెండర్, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్ పట్టణంలో 1951లో విద్యుత్ బాస్ గిటారును తయారుచేసి, దానికి తోడుగా 1952లో బాస్‌మన్‌ను వెలువరించాడు. మొదట దానికి 15 అంగుళాల స్పీకరు ఒక్కటే. 1954 చివరికి 10 అంగుళాలవి నాలుగు వచ్చాయి. పటాల మీద ఉండే సంకేతాలను చదవడం తెలిస్తే ప్రతుల వరుస తెలుస్తుంది. ‘5ఎఫ్6-ఏ’ అన్నచోట 5 అంటే 1950ల దశకం, ఎఫ్ సవరణల వరుసలోని అక్షరం, 6 బాస్‌మన్‌కు కేటాయించిన సంఖ్య, చివరి ఏ మరొక చిన్న సవరణ. 5ఈ6లో మంద్ర, తార స్వరాలకు మాత్రమే బొత్తాలున్నాయి. మధ్యస్వరానికి విడిగా బొత్తాము 5ఎఫ్6తో వచ్చింది. 5ఎఫ్6లో ఏసీని డీసీగా మార్చే వాల్వు పాదరసపు ఆవిరితో పనిచేసే 83. 1958లో వచ్చిన 5ఎఫ్6-ఏలో దాని స్థానంలో జీజెడ్34 చేరింది. కనుక ‘అసలు బాస్‌మన్’ అనే మాటకు అర్థం చెప్పాలంటే ఏ ప్రతి అని ముందు అడగవలసి ఉంటుంది. 1960తో ఆ నాలుగు స్పీకర్ల నమూనా ముగిసింది. బాస్ కోసం పుట్టిన ఈ పెట్టెను మామూలు గిటారు వాయించేవాళ్లే ఎక్కువగా సొంతం చేసుకున్నారు.

లండనులో జిమ్ మార్షల్ అనే డ్రమ్ము వాద్యకారుడు 1960లో హాన్‌వెల్ ప్రాంతంలో దుకాణం పెట్టాడు. అమెరికా సరుకు అక్కడ చాలా ఖరీదు. దుకాణంలో మరమ్మతులు చేసే కెన్ బ్రాన్, ఈఎంఐలో పని నేర్చుకుంటున్న డడ్లీ క్రేవెన్ అనే కుర్రవాడు 5ఎఫ్6-ఏను ముందు పెట్టుకొని 1962లో తమ ప్రతిని సిద్ధం చేశారు. జిమ్, ఆయన కుమారుడు టెర్రీ పేర్లు కలిపితే జేటీఎం.

మా మేనల్లుడి దృష్టిలో ఇది కేవలం చౌర్యం. పటాలు చూస్తే ఆ మాట సగం నిజమే అనిపిస్తుంది. స్వరాల బొత్తాల వెనుక ఉన్న అల్లిక దాదాపు అక్షరాలా ఒకటే. అయితే మొదటి వాల్వు దగ్గర ఆగాను. ఫెండర్ పటంలో 12ఏవై7, మార్షల్‌లో ఈసీసీ83. ఐరోపాలో ఈసీసీ83 అని పిలిచేది అమెరికావారి 12ఏఎక్స్7నే. అంటే ‘వై’ స్థానంలో ‘ఎక్స్’ పడింది. ఒక్క అక్షరం! రెండూ ఒకే సాకెట్టులో కూర్చుంటాయి, కాళ్ల వరుస కూడా ఒకటే. కాని మొదటిదాని వర్ధన గుణకం సుమారు 40, రెండవదానిది 100. సర్క్యూట్లో అంత తేడా పూర్తిగా రాకపోయినా, లోపలికి వచ్చే సంకేతం మొదటి మెట్టులోనే బాగా పెరిగి, తరువాతి మెట్లను త్వరగా నిండుకొనేలా చేస్తుంది. పరిమితి దాటిన తరంగపు తల చదునై ధ్వని గరగరలాడుతుంది. రాక్ సంగీతం కోరుకున్నది ఆ గరగరనే.

ఇంకొక భేదం దీనికంటె సూక్ష్మమైనది. చివరి నుంచి కొంత సంకేతాన్ని వెనక్కి మళ్లించి ధ్వనిని అదుపు చేసే దారిలో రెండు పటాల్లోనూ 27 వేల ఓముల నిరోధకమే ఉంది. తొందరగా చదివితే తేడా లేదనుకుంటాం. ఫెండర్ ఆ తీగను 2 ఓముల స్పీకరు కొస నుంచి తెస్తుంది, సాధారణంగా కనబడే జేటీఎం45 పటం 16 ఓముల కొస నుంచి తెస్తుంది. అదే శక్తి వద్ద 16 ఓముల కొస వద్ద వోల్టేజి 2.8 రెట్లు ఎక్కువ గనుక వెనక్కి వెళ్లే పాలు కూడా పెరుగుతుంది. పదం మారలేదు, అన్వయం మారింది. పాత ప్రతులు సరిచూచేవారిని తప్పుదారి పట్టించేవి ఇటువంటివే.

ఇక పటంలో కనబడనివి ఉన్నాయి. ట్రాన్స్‌ఫార్మర్లు లండనులో దొరికిన రేడియోస్పేర్స్ వారివి. చివరి వాల్వులు మొదట 5881లే అయినా, కొద్దికాలానికే ఇంగ్లండులో తయారయ్యే కేటీ66లు వచ్చాయి. వెనుక తెరిచి ఉండే పెట్టెలోని 10 అంగుళాల స్పీకర్లకు బదులు, వెనుక మూసిన పెట్టెలో 12 అంగుళాల సెలెస్టియన్లు నాలుగు. నా మట్టుకు నేను ఈ చివరిదాన్నే అన్నిటికంటె పెద్ద పాఠాంతరంగా లెక్కిస్తాను. వాల్వుల సంఖ్యల మీద గంటలు గంటలు వాదించుకొనేవారు స్పీకరు పెట్టెను మరచిపోవడం నాకు వింతగా ఉంటుంది.

చౌర్యమన్న మాటకు నేను ఒప్పుకోలేదు. తాళపత్రం మీద ఎక్కించేవాడు పొరపాటున ఒక అక్షరం మారుస్తాడు, అర్థం కాక ఒకటి మారుస్తాడు, తనకు రుచించక మరొకటి మారుస్తాడు. వీరు ఎక్కువగా మార్చింది దొరకనిదానికి బదులు దొరికినది పెట్టవలసి రావడం వల్ల. కాని విన్నాక బాగుందని ఉంచుకున్నారు చూడండి, అక్కడ లేఖకుడు కవి అయ్యాడు. 1966లో ఎరిక్ క్లాప్టన్ జాన్ మేయల్ బృందంతో చేసిన రికార్డులో వినిపించిన మార్షల్ ఈ శాఖకు చెందినదే. దాన్ని విని ‘బాస్‌మన్ నకలు’ అని ఎవరూ అనరు.

కొసమెరుపు ఏమిటంటే, మా వాడు బాస్‌మన్ పటం చూసి కట్టానని చెప్పుకొనే పెట్టెలో ఉన్నది 12ఏఎక్స్7. రెండవది దొరకలేదట. అడిగితే తల గోక్కున్నాడు. తరువాత ఎక్కడి నుంచో ఒక 12ఏవై7 తెప్పించి మార్చాడు, ధ్వని నెమ్మదించింది. పాత లేఖకులు ప్రతి చివర సంవత్సరం, మాసం, తిథి రాసుకొనేవారని చెప్పాను. పెన్సిలు తెచ్చి పెట్టె లోపలి రేకు మీద తేదీ వేసి, ‘మొదటి వాల్వు మార్చడమైనది’ అని రాశాడు.